థండర్‌బర్డ్ మెయిళ్ల బ్యాకప్: ఇంపోర్ట్‌ఎక్స్‌పోర్ట్‌టూల్స్ ఎన్‌జీ రెండేళ్లు వాడాక

తెనాలిలో నాది చిన్న ట్యాక్స్ కన్సల్టెన్సీ. పార్టీలు, అంటే మా క్లయింట్లు, పంపే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, నోటీసులకు మేం రాసిన జవాబులు అన్నీ ఆఫీసు కంప్యూటర్‌లోని థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లోనే ఉంటాయి. 2014 నుంచి అదే వాడుతున్నాను. దానికి ఇంపోర్ట్‌ఎక్స్‌పోర్ట్‌టూల్స్ ఎన్‌జీ అని ఒక ఉచిత యాడ్‌ఆన్ (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఉంది. రెండేళ్లుగా మెయిళ్ల బ్యాకప్ దానితోనే తీస్తున్నాను. అది లేకుండా పని చేయడం ఇప్పుడు నాకు భయం. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెప్పాలి.

2019 మే నెలలో ఒక రోజు కంప్యూటర్‌లో విండోస్ తెరుచుకోలేదు. రిపేరుకు వచ్చిన అబ్బాయి, "సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టాలి మేడమ్, మీ డేటా డీలోనే ఉంది కదా?" అని అడిగాడు. ఉందన్నాను. ఎక్సెల్ ఫైళ్లు, ట్యాలీ డేటా డీలోనే ఉన్నాయి మరి. థండర్‌బర్డ్ మెయిళ్లు మాత్రం సీ డ్రైవ్‌లో, యాప్‌డేటా అనే దాచిపెట్టిన ఫోల్డర్ లోపల ఉంటాయని ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. మాది పాప్ ఖాతా, అంటే మెయిళ్లు సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దిగి అక్కడే ఉండే రకం. మెయిల్ దిగిన పద్నాలుగు రోజులకు సర్వర్‌లో కాపీ చెరిగిపోయేలా సెట్టింగ్ ఉంది. రెండు వారాల మెయిళ్లు మిగిలాయి. ఐదేళ్లవి పోయాయి.

ఆ నష్టం ఎంతటిదో 2023లో తెలిసింది. 2017-18 సంవత్సరం జీఎస్టీ నోటీసులు ఆ ఏడాది వరసపెట్టి వచ్చాయి. అధికారులు ఆర్డర్లు ఇవ్వడానికి డిసెంబరు 31 గడువు. ఇన్‌పుట్ క్రెడిట్‌లో (కొన్న సరుకు మీద కట్టిన పన్నును తగ్గించుకునే లెక్కలో) తేడా ఉందని మా ఆయిల్ మిల్లు పార్టీకి ఒకటి వచ్చింది. సరుకు అమ్మినవాళ్లు బిల్లుల జాబితాను 2018లోనే మెయిల్ చేసిన సంగతి నాకు బాగా గుర్తు. ఆ మెయిల్ ఇప్పుడు లేదు. మూడు వారాలు వాళ్ల చుట్టూ తిరిగి మళ్లీ తెప్పించాను. లెక్కల పుస్తకాలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలని పార్టీలకు చెప్పేదాన్ని నేనే. ఆ మూడు వారాలూ మిల్లు యజమానికి ఫోన్ చేయాలంటే గొంతు పెగిలేది కాదు.

ఇక యాడ్‌ఆన్ సంగతి. థండర్‌బర్డ్‌కు సొంతంగా కూడా టూల్స్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ఉంది. మొత్తం ప్రొఫైల్‌ని, అంటే మెయిళ్లు, సెట్టింగ్స్ అన్నీ ఉండే ఫోల్డర్‌ని, ఒక జిప్ ఫైలు చేసి ఇస్తుంది. అయితే ప్రొఫైల్ 2 జీబీ దాటితే అది చేయలేదు, మీరే కాపీ చేసుకోమంటుంది. నాది 19 జీబీ. పైగా నాకు కావలసింది పార్టీవారీగా విడివిడిగా. ఈ యాడ్‌ఆన్ వేసుకున్నాక ఏ ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ చేసినా దాని మెనూ వస్తుంది. ఒక్క ఫోల్డర్‌నే తీయొచ్చు, లోపలి ఫోల్డర్లతో కలిపీ తీయొచ్చు. ఎంబాక్స్, ఈఎంఎల్, హెచ్‌టీఎంఎల్, పీడీఎఫ్, మామూలు టెక్స్ట్, ఇలా ఏ రూపంలో కావాలంటే అలా.

నేను ప్రతి పార్టీ ఫోల్డర్‌నీ రెండు రకాలుగా తీస్తాను. ఎంబాక్స్ అంటే ఫోల్డర్‌లోని మెయిళ్లన్నీ ఒకే ఫైలులో వరసగా ఉంటాయి. కంప్యూటర్ పోతే కొత్త దాంట్లో థండర్‌బర్డ్ వేసి, ఇదే యాడ్‌ఆన్‌తో ఆ ఫైలుని థండర్‌బర్డ్‌లోని లోకల్ ఫోల్డర్స్‌లోకి (కంప్యూటర్‌లోనే ఉండే ఫోల్డర్లు) దించుకోవచ్చు. కానీ ఆఫీసరు ఒక్క మెయిల్ అడిగినప్పుడు ఎంబాక్స్‌తో పని జరగదు. అప్పటికి ఈఎంఎల్. మెయిల్‌కొక ఫైలు, అటాచ్‌మెంట్ అందులోనే ఉంటుంది, ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో తెలిపే హెడర్లు చెక్కుచెదరవు. ఫైలు పేరులో తేదీ, సబ్జెక్టు ఉంటాయి కాబట్టి వెతకడం తేలిక. సీఎస్‌వీ ఇండెక్స్ (మెయిళ్ల జాబితా ఉన్న పట్టిక ఫైలు) కూడా తీసి ఎక్సెల్‌లో తెరిస్తే ఏ పార్టీ ఏ నెలలో ఏం పంపిందో ఒక్క చూపులో కనబడుతుంది. ఈ ఒక్కదాని కోసమైనా దీన్ని వేసుకోమంటాను.

ఇబ్బందులు లేకపోలేదు. మెనూలో ఆప్షన్లు మరీ ఎక్కువ, మొదటి రోజు టెన్షన్ పడ్డాను. పద్దెనిమిది వేల మెయిళ్లు ఈఎంఎల్‌గా తీయడానికి దాదాపు గంటన్నర పట్టింది. సబ్జెక్టు పొడుగ్గా ఉంటే ఫైలు పేరు కూడా పెరిగిపోయి విండోస్ మొరాయిస్తుంది, సెట్టింగ్స్‌లో పేరు కుదించుకోవాలి. థండర్‌బర్డ్ పెద్ద వెర్షన్ మారినప్పుడు యాడ్‌ఆన్ దానికి తగ్గట్టు అప్‌డేట్ అయ్యేదాకా ఆగిపోవచ్చు. అందుకే బ్యాకప్ తీశాకే థండర్‌బర్డ్‌ని అప్‌డేట్ చేస్తాను.

ఐమ్యాప్ ఖాతాలు, అంటే మెయిళ్లు సర్వర్‌లోనే ఉండే రకం, ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మెయిళ్లు ఈ కంప్యూటర్‌లో ఉంచాలనే టిక్కు ఖాతా సెట్టింగ్స్‌లో లేకపోతే మీ దగ్గర ఉండేది పైపై జాబితా మాత్రమే, అసలు మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది. ముందు మొత్తం దింపుకుని అప్పుడు ఎక్స్‌పోర్ట్ చేయండి.

మొదటిసారి తీసినవి పెన్‌డ్రైవ్‌లో వేయబోతే, ఖాళీ బోలెడంత ఉన్నా 5 జీబీ ఇన్‌బాక్స్ ఫైలు ఎక్కలేదు. ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదని అప్పుడు తెలిసింది. ఆ పరిమితి లేని ఎగ్జ్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేశాక ఎక్కింది. ఇప్పుడు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ వాడుతున్నాను. ఈఎంఎల్ ఫైలుని ఎవరైనా నోట్‌ప్యాడ్‌లో కూడా తెరిచేయగలరు. అందులో ఉన్నవి పార్టీల లెక్కలు, పాన్ నంబర్లు. ఆ డిస్క్ బీరువాలో తాళం వేసి ఉంచుతాను, అసిస్టెంట్ల చేతికి ఇవ్వను.

ఒక్కటి మాత్రం ఇది చేసిపెట్టదు. తీసిన కాపీ సరిగ్గా ఉందో లేదో మనమే తెరిచి చూసుకోవాలి. ప్రతి నెలా 20న రిటర్న్‌ల హడావుడి అయిపోయాక, 21న బ్యాకప్ తీసి డిస్క్‌ని ఇంటికి తీసుకెళ్తాను. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో నాలుగైదు పాత మెయిళ్లు తెరుస్తాను. పోయిన నెల ఆయిల్ మిల్లు వాళ్లు మళ్లీ పంపించిన ఆ జాబితా మెయిల్ తెరిచాను. అటాచ్‌మెంట్ కూడా తెరుచుకుంది, నలభై రెండు బిల్లులూ ఉన్నాయి.