తాతయ్య మాసీ 35: బాగు చేయించి ఏళ్ల తరబడి వాడాక

తాతయ్య పోయాక షెడ్డులో తుప్పు పట్టిపోతున్న మాసీ ఫెర్గూసన్ 35 ట్రాక్టర్‌ని మళ్లీ పనిలోకి దించి చాలా ఏళ్లయింది. రంగు వేయించిన కొత్తలో ఏ బండైనా బాగానే కనిపిస్తుంది కాబట్టి అప్పుడేమీ రాయలేదు. ఇప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు: అన్ని పనులకూ పనికిరాదు గానీ, తన పని వరకు భలే బండి.

మాది పెర్కిన్స్ మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్. ఈ మోడల్‌లో మొదట వచ్చిన డీజిల్ బండ్లకు నాలుగు సిలిండర్ల స్టాండర్డ్ ఇంజన్ ఉండేది. చలిలో స్టార్ట్ అవడానికి ఏడిపిస్తుందని దానికి పేరు. 1959 చివర్లో పెర్కిన్స్ వచ్చాకే ఆ బాధ తగ్గింది. పాత 35 మీద డబ్బు పెట్టే ముందు బానెట్ ఎత్తి, సిలిండర్‌కొకటి చొప్పున డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి: మూడుంటే పెర్కిన్స్, నాలుగుంటే స్టాండర్డ్.

షెడ్డులో కదలక మా బండి ఇంజన్ పట్టేసింది. సిలిండర్లలో డీజిల్ పోసి నానబెడితే వదిలింది గానీ లైనర్లకు, అంటే సిలిండర్ల లోపలి గొట్టాలకు, తుప్పు గీతలు పడ్డాయి. లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చక తప్పలేదు. "ఎలాగూ విప్పాం కదా, అన్నీ కొత్తవి వేసేద్దాం" అన్నాడు మెకానిక్. నేను ఒప్పుకోలేదు. పిస్టన్లు తిప్పే క్రాంకు ఇరుసు అరుగుదల కొలిపిస్తే లెక్కలోనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. అరిగినవే మార్చాలన్నది నా పట్టుదల, ఇన్నేళ్ల వాడకంలో అది తప్పనిపించలేదు. నన్ను ఏడిపించింది కొత్తగా వేసిన భాగమే. హైడ్రాలిక్ పంపుకు వేసిన నాసిరకం సీల్స్ ఒక్క సీజన్‌కే పాడయ్యాయి. ఈ బండిలో గేర్‌బాక్స్‌కీ, వెనక నాగలిని ఎత్తి దించే లిఫ్ట్‌కీ ఒకటే ఆయిల్, పంపు అందులోనే మునిగి ఉంటుంది. అంటే సీలు మార్చాలన్నా ఆయిలంతా దించాలి, లిఫ్ట్ కవర్ ఎత్తాలి. ఆ ఆయిల్ పాలలా తెల్లబడిందంటే లోపలికి నీళ్లు దిగాయని అర్థం. గేర్ రాడ్ కింద రబ్బరు చిరిగిన బండ్లలో ఇది మామూలే, ముందు అక్కడ చూడండి.

అయినా ఆ లిఫ్టే ఈ బండికి ప్రాణం. దున్నుతుంటే గట్టి నేల తగిలిందనుకోండి, నాగలిని పైనుంచి బండికి కలిపే కడ్డీని, అంటే టాప్‌లింక్‌ను, ముందుకు నెడుతుంది. ఆ ఒత్తిడికి సీటు కింద వెనకగా ఉన్న లావాటి స్ప్రింగు నొక్కుకుని, లోపలి వాల్వును కదిలిస్తుంది. లిఫ్ట్ చేతులు కాస్త లేస్తాయి, నాగలి భారం వెనక చక్రాల మీద పడుతుంది, చక్రం జారదు. ఈ బండి పేరులో ఉన్న హ్యారీ ఫెర్గూసన్ ఆలోచన ఇది. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. ఆ స్ప్రింగుకు ముందూవెనకా ప్లే (వదులు) ఉంటే మాత్రం నాగలి ఎగిరెగిరి పడుతుంది. టాప్‌లింక్ తీసేసి చేత్తో పట్టి తిప్పితే స్ప్రింగు తిరగాలి, ఊగకూడదు. మాదానికి ఆ ప్లే తీయించాక సాలు లోతు చక్కగా కుదిరింది.

రంగు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు: ఎర్ర బానెట్, బూడిద రంగు ఇంజన్, అంతే. టూల్‌బాక్స్ మూత లోపల తాతయ్య బ్రష్షుతో రాసుకున్న ఆయిల్ మార్పుల తేదీలున్నాయి, వంకర అంకెలు, ఒకటి రెండు కొట్టివేతలు. పెయింటర్ సాండ్‌పేపర్ తీసేలోపే మూత ఊడదీసి ఇంట్లో పెట్టేశాను.

వాడకంలో లోటుపాట్లూ ఉన్నాయి. పవర్ స్టీరింగ్ లేదు, ముందు బరువు పెడితే చేతులు లాగేస్తాయి. డీజిల్ ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపితే పైపుల్లోకి గాలి చేరి, స్క్రూలు వదులు చేసి గాలి తీసేదాకా స్టార్ట్ అవదు. మట్టిని గుల్ల చేసే రోటవేటర్‌కు దీని బలం చాలదు. తేలిక దుక్కి, మందు కొట్టడం, చిన్న ట్రాలీ, వీటికి తిరుగులేదు.

ఒక్క విషయంలో మాత్రం పాత రూపం కోసం చూసుకోలేదు. ఆ కాలంలో వీటికి రోల్‌బార్, అంటే బండి తిరగబడినా డ్రైవర్ నలగకుండా కాపాడే ఇనుప చట్రం, వచ్చేది కాదు. అందం పోతుందని ఇంట్లో గోల చేసినా, రోల్‌బార్, సీట్‌బెల్ట్ రెండూ బిగించాం. అవున్నా సరే, వాలు నేల మీదకు బరువు ట్రాలీతో దీన్ని తీసుకెళ్లను.