కోవెంట్ గార్డెన్ నాటకశాలల వాకింగ్ టూర్: ఆ ఒక్క కథకే వెళ్లొచ్చు

లండన్‌లో నాటకాలంటే ఇష్టమున్నవాళ్లు ఈ టూర్‌కి తప్పకుండా వెళ్లండి. 1809 నాటి టికెట్ గొడవల కథ ఒక్కదానికే మన డబ్బులు గిట్టుబాటైపోతాయి. 1808లో కాలిపోయిన కోవెంట్ గార్డెన్ థియేటర్‌ని మళ్లీ కట్టి, ఖర్చు రాబట్టుకోవడానికి నేల టికెట్‌ని మూడున్నర షిల్లింగుల నుంచి 4కి, బాక్సుని 6 నుంచి 7కి పెంచారు, అది చాలదన్నట్టు ఒక అంతస్తుని డబ్బున్నవాళ్ల ప్రైవేటు బాక్సులకి ఇచ్చేసి చౌక సీట్లవాళ్లని పైకప్పు కిందికి నెట్టేశారు, అక్కడి నుంచి చూస్తే నటుల కాళ్లే కనిపిస్తున్నాయని జనం మండిపడ్డారు.

ఇక రెండు నెలలకు పైగా రోజూ గంటలు, బూరలు, అరుపులు, బెంచీల మీద డాన్సులు! థియేటర్ మేనేజర్ కెంబుల్ వాళ్లని అణచడానికి బాక్సింగ్ వస్తాదుల్ని దింపినా జనం లొంగలేదు. చివరికి ఆయనే క్షమాపణ చెప్పి నేల టికెట్ పాత ధరకి తెచ్చాడు, బాక్సు మాత్రం 7 షిల్లింగులే. వాళ్లని ఉత్త అల్లరిమూక అనడం అన్యాయం, అది హక్కు కోసం చేసిన పోరాటం.

గైడ్ ఇంగ్లీషు తేలిగ్గా అర్థమవుతుంది. వెనక నిలబడితే మాత్రం రోడ్డు రొదలో సగం వినపడదు, పెద్దవాళ్లకి కూర్చునే చోటూ లేదు. 5కి 4.