ఇంట్లోనే మార్చిన హైడ్రాలిక్ క్లచ్ సిలిండర్లు: 38,000 కిలోమీటర్ల తరవాత

పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్, ఆ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్ రెండూ కొత్తవి వేసి, ఇంటి ముందే ఎయిర్ (ఆయిల్ దారిలో చిక్కిన గాలి) తీసి మూడేళ్లు దాటింది. బండి పాత రకం డీజిల్ జీపు. స్లేవ్ సిలిండర్ గేర్ బాక్స్ బయట రెండు బోల్టుల మీద ఉంటుంది. తిరిగిన దారులు శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ రద్దీ, పలాస వైపు హైవే, సీతంపేట కొండలు, శృంగవరపుకోట మీదుగా అరకు ఘాట్. రథసప్తమి నాడు అరసవల్లి దారిలో మొదటి గేరులో గంటసేపు పాకితే క్లచ్ సత్తా ఏమిటో తెలిసిపోతుంది. ఇన్నాళ్లలో పెడల్ ఒక్కసారి కూడా కిందే ఉండిపోలేదు. రివర్స్ గేరు కర్రుమనలేదు. మాస్టర్‌కి ఆయిల్ ఇచ్చే చిన్న ట్యాంకులో మట్టం తగ్గలేదు సరికదా, ఒక వెంట్రుకవాసి పెరిగింది. క్లచ్ ప్లేటు అరిగేకొద్దీ స్లేవ్ పిస్టన్ లోపలికి జరుగుతుంది కాబట్టి ఆ మేరకు ఆయిల్ పైకి తిరిగి వస్తుంది. ఇది తెలియక మట్టం పెరిగిందని కంగారు పడేవాళ్లు, తగ్గకపోతే చాలని అసలు మూత తీయనివాళ్లు ఇద్దరూ ఉంటారు.

ముందుగా రబ్బరు కిట్ (సిలిండర్ లోపలి రబ్బర్లు మాత్రమే మార్చే సెట్టు) సంగతి. ఇదే బండికి అంతకుముందు పాత సిలిండర్లలోనే కొత్త రబ్బర్లు వేయించాం. ఒక వర్షాకాలం కూడా సరిగ్గా గడవలేదు. తప్పు రబ్బరుది కాదు, సిలిండర్ లోపలి గోడది. క్లచ్‌లోనూ పోసేది బ్రేక్ ఆయిలే, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆ తేమకు కొదవ లేదు. పీల్చిన నీరు సిలిండర్ అడుగున చేరి, బండి నిలిపి ఉంచినప్పుడు రబ్బరు ఆనే చోటే సన్నటి గుంటలు పెడుతుంది. పిస్టన్ బయటికి తీసి టార్చ్ వేసి చూస్తే ఆవగింజంత నల్లమచ్చలు కనిపిస్తాయి. గోరుతో గీరితే తగులుతాయి. అలా తగిలితే కొత్త రబ్బరు వేయడం డబ్బు దండగే. ఇనుప సిలిండర్‌కి గుంట లేకుండా మచ్చ మాత్రమే ఉంటే సన్నగా హోనింగ్ (లోపలి గోడను రుద్ది నున్నగా చేయడం) చేసుకోవచ్చు. అల్యూమినియం సిలిండర్‌ని మాత్రం రుద్దకూడదు. పైనున్న గట్టి పూత పోతే మెత్తటి లోహమే మిగులుతుంది, రబ్బరును అదే కొరికేస్తుంది. అందుకే మేం చెప్పేది, మార్చేటప్పుడు రెండు సిలిండర్లూ పూర్తిగా, ఒకేసారి మార్చండి. ఒకటే కొత్తది వేస్తే పాతదైన రెండోది కూడా త్వరలోనే పోవచ్చు, అప్పుడు చేసిన ఎయిర్ పని మళ్లీ మొదటికొస్తుంది.

విప్పేముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. డ్రైవరు కాళ్ల దగ్గర, పెడల్ పైన పుష్ రాడ్ (పిస్టన్‌ని తోసే కడ్డీ) సిలిండర్‌లోకి దూరే చోట వేలు పెట్టి చూడండి. తడిగా ఉంటే మాస్టర్ వెనక రబ్బరు పోయింది. కింద స్లేవ్ మీది రబ్బరు తొడుగు అంచు లేపి చూడండి. ఆయిల్ కారితే స్లేవ్ పోయింది. రెండు చోట్లా పొడిగా ఉండి, పెడల్ తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ లోపలి రబ్బరు దాటుకుని ఆయిల్ వెనక్కి పోతోంది. దీనికి తిరుగులేని పరీక్ష ఒకటుంది. ఇంజిన్ ఆపి, ఒకరు పెడల్ తొక్కి అర నిమిషం పట్టుకోవాలి, రెండోవారు స్లేవ్ రాడ్‌నే చూస్తుండాలి. ఎక్కడా కారకుండా రాడ్ తనంతట తాను వెనక్కి జరిగితే మాస్టరే. పెడల్ తొక్కినప్పుడు ఫ్లెక్సిబుల్ హోస్ (స్లేవ్‌కి ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం) ఉబ్బుతోందా అని చేత్తో పట్టుకుని చూడటం మరిచిపోవద్దు. మేం మొదట హోస్ పాతదే ఉంచేశాం. సిలిండర్లు రెండూ కొత్తవైనా పెడల్ మెత్తగానే ఉంది. హోస్ మార్చాకే గట్టిపడింది. ఈ పనిలో మేం చేసిన అనవసరపు పొదుపు అదొక్కటే.

కావలసినవి: రెండు సిలిండర్లు, హోస్, బ్యాంజో బోల్టు (మధ్యలోంచి ఆయిల్ పోయే బోలు బోల్టు) ఉంటే దానికి కొత్త రాగి వాషర్లు రెండు, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ అర లీటరు. చాలా బళ్లలో క్లచ్ వ్యవస్థ మొత్తం పట్టేది 100, 150 మి.లీ. మించదు, మిగతాది కడగడానికి. లీటరు డబ్బా చవకని కొనకండి. 250 మి.లీ. సీసాలు రెండు తీసుకోండి. మూత తీసిన సీసా మన తేమలో నెలల తరబడి ఉంటే కొత్తదే అయినా పాతదే. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి దిగిపోతుంది. మూత మీద డాట్ 3 అని ఉన్నా డాట్ 4 పోసుకోవచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్ ఆయిల్, వీటితో కలవదు. ఇంజిన్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్ చెంచాడు పడినా లోపలి రబ్బర్లన్నీ ఉబ్బి పాడైపోతాయి, అప్పుడు కడిగి లాభం లేదు, మొత్తం మార్చాల్సిందే. పైపు నట్టుకి మామూలు పానా వాడితే మూలలు గుండ్రమైపోతాయి. పైపును చుట్టుకుని పట్టే ఫ్లేర్ నట్ పానా కొనండి, మా బండికి 10 మి.మీ. పట్టింది. నిపిల్‌కి (స్లేవ్ మీద గాలి వదిలే చిన్న బోలు స్క్రూ) రింగ్ పానా, దానికి బిగుతుగా పట్టే పారదర్శక ట్యూబు, మందుల షాపులో దొరికే 50 మి.లీ. సిరంజి, ఒక ఖాళీ సీసా, బకెట్ నీళ్లు. నీళ్లు ఎందుకంటే ఈ ఆయిల్ రంగును తినేస్తుంది. చుక్క పడితే గుడ్డతో తుడవడం కాదు, వెంటనే నీళ్లు పోసి కడగాలి.

బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, కింద దూరాలంటే ఇనుప స్టాండ్ల మీదే ఎత్తాలి. జాకీని గానీ ఇటుకల్ని గానీ నమ్ముకుని బండి కిందికి వెళ్లొద్దు. తుప్పు పట్టిన నట్లకు, నిపిల్‌కు ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి. ట్యాంకులోని పాత ఆయిల్ సిరంజితో లాగేసి, పెడల్ పిన్ను తీసి, పైపు విప్పి, మాస్టర్ రెండు నట్లు తీస్తే అది చేతికొస్తుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి పాత పుష్ రాడ్ పొడవు కొలిచి రాసుకోండి. కొత్తదాన్ని అదే పొడవుకి సర్దాలి.

ఈ పొడవు ఎందుకంత ముఖ్యమో మాస్టర్ లోపలికి చూస్తే తెలుస్తుంది. ట్యాంకు సిలిండర్ మీదే కూర్చునే రకాల్లో మూత తీసి టార్చ్ వేస్తే, అడుగున సూది మొనంత రంధ్రం ఒకటి కనిపిస్తుంది. పెడల్ పైన ఉన్నప్పుడు అది తెరిచి ఉండాలి. చేత్తో పెడల్‌ని మెల్లగా నొక్కితే, మొదటి కదలికకే ఆ రంధ్రం నుంచి ఆయిల్ సన్నగా చిమ్ముతుంది, మరుక్షణం ఆగిపోతుంది. పిస్టన్ రబ్బరు రంధ్రాన్ని మూసేసిందన్నమాట. ఆ చిమ్మడం కనిపిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే. పుష్ రాడ్ ఒక మిల్లీమీటరు ఎక్కువ పొడవుంటే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, రంధ్రం ఎప్పుడూ మూసే ఉంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు వేడికి వ్యాకోచించిన ఆయిల్‌కి పైకి పోయే దారుండదు. ఆ ఒత్తిడి క్లచ్‌ను కొద్దిగా తొక్కి పట్టినట్టే ఉంచుతుంది, కొత్త ప్లేటు కూడా స్లిప్ అయి కాలుతుంది. కాబట్టి పెడల్‌లో కొద్దిపాటి ఖాళీ ఆట తప్పనిసరి. ఎంతన్నది బండి పుస్తకంలో ఉంటుంది, అది చూసే సర్దుకోండి.

కొత్త మాస్టర్‌ని బండికి బిగించకముందే వైస్‌లో పట్టి, ఆయిల్ పోసి, మొద్దు స్క్రూడ్రైవర్‌తో పిస్టన్‌ని మెల్లగా పదిసార్లు నొక్కండి. సగం గాలి అక్కడే పోతుంది.

ఇక ఎయిర్ తీయడం. చాలామంది ఓడిపోయేది ఇక్కడే, లెక్క తెలియకపోవడం వల్ల. మా బండి మాస్టర్ బోర్ (లోపలి వ్యాసం) 15.87 మి.మీ., స్లేవ్ బోర్ 20.64 మి.మీ. మాస్టర్ పిస్టన్ 30 మి.మీ. కదిలితే తోసే ఆయిల్ సుమారు 6 మి.లీ. మాత్రమే. దానికి స్లేవ్ కదిలేది దాదాపు 18 మి.మీ. లోపల ఒక్క మి.లీ. గాలి ఉందనుకోండి, ఒత్తిడికి అది నలిగిపోయి స్లేవ్ కదలికలో సుమారు 3 మి.మీ. తినేస్తుంది. గేరు పడకపోవడానికి అది చాలు. పెడల్ కాలికి బాగానే ఉన్నట్టున్నా రివర్స్ కర్రుమంటోందంటే టీ చెంచాలో ఐదోవంతున్న ఆ గాలే కారణం కావచ్చు.

ఇద్దరుంటే పాత పద్ధతి పనిచేస్తుంది. పైన ఒకరు పెడల్ మెల్లగా తొక్కి "నొక్కేను" అనాలి. కింద ఉన్నవారు నిపిల్ పావు చుట్టు తెరిచి, మూసి, "వదిలీ" అనాలి. మూయకముందే పెడల్ వదిలితే పోయిన గాలి అంతా మళ్లీ లోపలికే. టకటకా పంప్ చేయకూడదు, ఆయిల్ నురగై బుడగలు పొడిలా చెదిరిపోతాయి, అవి తేలి పైకి రావడానికి గంటలు పడుతుంది. ట్యాంకు సగం కన్నా కిందికి దిగనివ్వకండి. ఖాళీ వ్యవస్థలో పెడల్ తనంతట పైకి రాకపోవచ్చు, చేత్తో లాగండి, అది చెడిపోయినట్టు కాదు.

కానీ మూడేళ్లలో మేం స్థిరపడింది కిందనుంచి పైకి తోసే పద్ధతికి. గాలి సహజంగా పైకే పోతుంది, దాన్ని కిందికి లాగడమెందుకు? మొదట మామూలు పద్ధతిలో 200 మి.లీ. దాకా కిందికి వదిలి పాత మడ్డి అంతా పోనివ్వండి, లేదంటే ఆ మడ్డి మాస్టర్ రబ్బరు దగ్గరికి చేరుతుంది. తరవాత ట్యాంకులో ఆయిల్ అడుగుకు తగ్గించండి. సిరంజి నింపి, దాంట్లోనూ ట్యూబులోనూ బుడగ లేకుండా చూసి, నిపిల్‌కి తొడిగి, అర చుట్టు తెరిచి, 50 మి.లీ. ఒక నిమిషం పట్టేంత నెమ్మదిగా తోయండి. పైన ట్యాంకులో బుడగలు గుప్పున వస్తాయి. రెండు, మూడు విడతలకు ఆగిపోతాయి. ఒక్కరే చేసుకోవచ్చు. సిరంజి మాత్రం రెండు మూడు వాడకాలకే బిగుసుకుపోతుంది, కొత్తది పెట్టుకోండి.

వ్యాక్యూమ్ పంపు కూడా వాడి చూశాం. పని చేస్తుంది గానీ మోసం చేస్తుంది. నిపిల్ మర సందుల్లోంచి బయటి గాలిని పీల్చి, లోపల ఏమీ లేకపోయినా ట్యూబులో బుడగలు చూపిస్తూనే ఉంటుంది. మరకు గ్రీజు రాస్తే తగ్గుతుంది.

ఎంత చేసినా గాలి పోవట్లేదంటే స్లేవ్ బిగించిన తీరు చూడండి. నిపిల్ సిలిండర్‌కి పైవైపు ఉండాలి. పక్కకో కిందికో తిరిగి ఉంటే గాలి పైమూలలో ఇరుక్కుని రానే రాదు. బోల్టులు విప్పి స్లేవ్‌ను నిపిల్ పైకుండేలా చేత్తో పట్టుకుని, రాడ్ లోపలికి నొక్కి, సిరంజితో తోయండి. ఆ సమయంలో ఎవరూ పెడల్ ముట్టుకోకూడదు. అడ్డు లేని పిస్టన్ బయటికి ఎగిరొస్తుంది. నిపిల్ బిగించడానికి పొడుగు పానా వద్దు, చిన్న పానా మీద మణికట్టు బలం చాలు. లోపల బోలుగా ఉంటుంది కాబట్టి విరిగిందంటే సిలిండరే పోయినట్టు.

కొన్ని బళ్లలో క్లచ్‌కీ బ్రేకుకీ ట్యాంకు ఒకటే. వాటిలో ఆయిల్ అడుగంటా లాగేయకూడదు, క్లచ్ పైపు తగిలే రంధ్రం తేలేవరకే తీయండి. స్లేవ్ గేర్ బాక్స్ లోపల, షాఫ్ట్ చుట్టూ ఉండే కొత్త రకాలకు ఈ సమీక్ష వర్తించదు. దానికి గేర్ బాక్స్ దించాలి, అది ఇంటి పని కాదు. ఎలాగూ ప్లేటు కోసం దించిన రోజు ఆ స్లేవ్ కూడా మార్పించేయండి.

ఇన్నేళ్లలో చేస్తున్న నిర్వహణ ఇంతే. ఏటా వానలు వెళ్లాక, కార్తీకంలో, 150 మి.లీ. కొత్త ఆయిల్ పైనుంచి పోసి కిందికి వదలడం. పాత ఆయిల్ మొదటి ఏడు టీ రంగులో వచ్చింది, ఇప్పుడు లేత తేనె రంగులో వస్తోంది. నల్లగా, వేళ్ల మధ్య రుద్దితే మసిలా తగిలితే రబ్బరు అరుగుతున్నట్టు, ఇంతవరకు అలా రాలేదు. ఆ వదిలిన ఆయిల్ మళ్లీ వాడేది కాదు, కాలవలో పోసేదీ కాదు, పాత ఇంజిన్ ఆయిల్‌లో కలిపేదీ కాదు, మూత ఉన్న సీసాలో విడిగా దాచి, పాత బ్రేక్ ఆయిల్ తీసుకునే మెకానిక్ షెడ్డులో ఇవ్వాలి.

ఒక్క లోపం చెప్పాలి. కొత్త స్లేవ్‌తో వచ్చిన నిపిల్ టోపీ రబ్బరు రెండో వేసవికే పగిలిపోయింది. రంధ్రంలోకి బురద చేరి నిపిల్ పట్టేసింది. అదృష్టం కొద్దీ విరగకుండా వచ్చింది. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్క కోసి, కొస ముడిచి తొడిగితే నిలిచింది. బండి కిందికి దూరినప్పుడల్లా మొదట చూసేది దాన్నే.