సీసా ఇటుకలా, పేవర్లా, తారు రోడ్డా: సంత చెత్తకు ఏది మేలు?

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం... మన వైపు ఏ సంత ముగిసినా నేల మీద మిగిలేది పల్చటి కవర్లు, చిప్స్, గుట్కా ప్యాకెట్లు, నీళ్ల సీసాలే. వానొస్తే అవన్నీ గెడ్డల్లో పడి వంశధార దాకా పోతాయి. వీటిని కట్టుబడికి వాడే దారులు మూడున్నాయి: తారు రోడ్డులో కలపడం, కరిగించి పేవర్లు (నేల మీద పరిచే అచ్చు పలకలు) పోయడం, సీసాల్లో కూరి ఇటుకల్లా వాడడం. నా ఓటు మాత్రం రోడ్డుకే.

మధురై త్యాగరాజర్ ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేసిన ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ చూపిన పద్ధతి ఇది. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కంకరను 160 డిగ్రీలకు పైగా వేడిచేసి, తురిమిన కవర్లు చల్లితే రాయి చుట్టూ సన్నటి పొర కడుతుంది. ఆపైన తారు కలుపుతారు. తారులో 6 నుంచి 8 శాతం దాకా ప్లాస్టిక్ సరిపోతుంది. రాళ్లకు పట్టు పెరిగి, వాననీళ్లకు రోడ్డు త్వరగా లేచిపోదు. కంకర వేడిచేసే ప్లాంటు ఎలాగూ ఉంటుంది కాబట్టి ఊరి వాళ్లు పొయ్యి పెట్టక్కర్లేదు, కవర్లు కడిగి ఆరబెట్టి ఇస్తే చాలు. తురిమే యంత్రం సంగతంటారా, స్వచ్ఛ భారత్ రెండో దశలో బ్లాకుకొక ప్లాస్టిక్ యూనిట్‌కు 16 లక్షల దాకా ఇచ్చే వీలు పెట్టారు. ఒక్కటే లోటు: ఊళ్లోపలి సిమెంటు రోడ్లకు ఇది పనికిరాదు.

ప్లాస్టిక్ కరిగించి ఇసుక కలిపి అచ్చుపోసే పేవర్లు చూడ్డానికి బాగుంటాయి, నీళ్లు పీల్చవు. కానీ వేడిని అదుపు చేసే యంత్రం లేకుండా పెరట్లో డ్రమ్ము పెట్టి కరిగిస్తే ఆ పొగంతా పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల్లోకే. పొరపాటున పీవీసీ పైపు ముక్క పడిందా, యాసిడ్ ఆవిరే. ఇవి అంటుకుని మండుతాయి కూడా. కట్టెల పొయ్యి వెలిగే ఇంటి గోడకు వీటిని అస్సలు వాడొద్దు.

ఇక సీసా ఇటుకలు. ఖాళీ సీసాకు పాతసామాన్లవాళ్లు ఎంతో కొంత ఇస్తారు, గుట్కా ప్యాకెట్‌కి ఎవరూ పైసా ఇవ్వరు. అందుకే సీసాలో మట్టి నింపడం నాకు నచ్చదు, ఎవరూ కొనని ప్యాకెట్లే నింపాలి. వాటిని కడిగి, పొడిగా ఆరబెట్టి, ముక్కలు చేసి వెదురు పుల్లతో అణిచి కూరాలి. లీటరు సీసా కనీసం 330 గ్రాములు తూగాలి, చేత్తో నొక్కితే సొట్ట పడకూడదు. ఎండకు సీసా పెళుసెక్కుతుంది గనుక పైన పూత తప్పనిసరి. చెట్టు చుట్టూ అరుగుకు, బడి దగ్గర పొట్టి గోడకు ఇవి చాలు, ఇంటి బరువు మోసే గోడకు వద్దు.

ఏ దారి పట్టినా కవర్లు వేరు, ప్యాకెట్లు వేరు అయ్యాకే పని. పంచాయతీలు సంత వేలం వేసేటప్పుడే పాడుకున్నవాళ్లు రెండు గోనెసంచులు వేలాడదీయాలని షరతు రాయించాలి.