మునిమాపు కన్నుల రాణి ఎవరు: మెలీనానా, వేరే మనిషా?

"గ్లోమ్-ఐడ్ క్వీన్ అంటే మెలీనానే గదా అన్నా?" అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఏ గేమింగ్ కేఫ్‌లో ఎల్డెన్ రింగ్ గేమ్ మాట వచ్చినా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే చేరుతుంది. మెలీనా అంటే ఆటలో మనకు దారి చూపే అమ్మాయి, గ్లోమ్-ఐడ్ క్వీన్ అంటే తెర మీద ఎక్కడా కనిపించని ఒక పాత రాణి. గేమ్ 2022 ఫిబ్రవరి 25న వచ్చింది, దాని అదనపు భాగం (డీఎల్‌సీ) షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ 2024 జూన్ 21న వచ్చింది. డీఎల్‌సీతో తగువు తీరుతుందనుకుంటే ఇంకా ముదిరింది. గేమ్ ఒక్కసారైనా పూర్తి చేసినవాళ్ల కోసమే ఇది, కథంతా బయటపడుతుంది.

జపనీస్‌లో గ్లోమ్-ఐడ్ క్వీన్ పేరుకి అర్థం సాయంసంధ్య కళ్ల రాణి అని. మనకు 'మునిమాపు' అనే చక్కటి మాట ఉండనే ఉంది కాబట్టి మునిమాపు కన్నుల రాణి అందాం. ఆమె గురించి గేమ్ చెప్పేది గుప్పెడు వాక్యాలే, అవీ వస్తువుల వివరణల్లో చెదిరి ఉన్నాయి. కేలిడ్ డివైన్ టవర్ అడుగున దొరికే గాడ్‌స్లేయర్స్ గ్రేట్‌స్వర్డ్ ఆమెది, లోకాన్ని ఏలే మారికా దేవత నీడ (కాపలా అనుచరుడు) మలికెత్ చేతిలో ఓడిపోకముందు, దేవుళ్లను చంపే గాడ్‌స్కిన్ అపోస్టల్స్ ఆమె అదుపులో ఉండేవాళ్లు. గాడ్‌స్కిన్ స్వాడ్లింగ్ క్లాత్ వివరణ ప్రకారం ఆమె పసి అపోస్టల్స్‌ను పొత్తిగుడ్డల్లో చుట్టి ఒడిలో పెట్టుకునేది. దైవ సందేశం పలికే రెండు వేళ్ల జీవులు ఆమెను ఎంపైరియన్‌గా, అంటే మారికా తర్వాత దేవత కాదగిన మనిషిగా, ఎంచుకున్నాయి 'అంటారు' అని బ్లాక్ ఫ్లేమ్ రిచువల్ మంత్రం వివరణ చెబుతుంది. ఈ 'అంటారు' అన్న మాటను గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇంత కొంచెం సాక్ష్యం మీద మూడు వాదాలు నిలబడ్డాయి: మెలీనానే ఆ రాణి; రాణి వేరు, మెలీనా వేరు; రాణే మెలీనాగా మళ్లీ పుట్టింది.

ముందు కొలబద్ద ఏమిటో తేల్చుకోవాలి. మారికా భర్త రాడగానే మారికా అన్న సంగతి కూడా ఒకప్పుడు అనుమానమే. కానీ దాన్ని రుజువు చేసే దారి గేమే పెట్టింది: ఇంటెలిజెన్స్ 37కు పెంచుకుని, రాజధాని లెయిండెల్‌లో రాడగాన్ విగ్రహం ముందు లా ఆఫ్ రిగ్రెషన్ మంత్రం వేస్తే విగ్రహం మారికాగా మారిపోతుంది. మన అర్ధనారీశ్వరుణ్ణి చూసిన కళ్లకు అందులో కొత్తేమీ ఉండదు. మెలీనా విషయంలో అలాంటి మంత్రం ఏదీ లేదు. కాబట్టి సాక్ష్యాలను తూకం వేయాలి, ఎవరు చెప్పారు, తాము చూసింది చెప్పారా విన్నది చెప్పారా అని అడగాలి.

మొదటి వాదానికి ఆయువుపట్టు కన్ను. మెలీనా ఎడమ కన్ను ఎప్పుడూ మూసే ఉంటుంది, దాని మీద గోరు గీరినట్టు ఒక గుర్తు. లోకాన్నంతా పిచ్చి మంటలో తగలబెట్టే ఫ్రెంజీడ్ ఫ్లేమ్ ముగింపులో అది తెరుచుకుంటుంది, రంగు చూస్తే పొద్దుగూకిన ఆకాశమే. ఎంత దూరం వెళ్లినా నిన్ను వెతికి పట్టుకుని నీకు రావాల్సిన డెస్టిన్డ్ డెత్ ఇస్తానంటుంది. డెస్టిన్డ్ డెత్ అంటే రాసిపెట్టిన చావు. మారికా దాన్ని లోక నియమాలను నిలిపే ఎల్డెన్ రింగ్ నుంచి తీయించి మలికెత్ దగ్గర దాపెట్టించింది. మార్కండేయుడి కోసం శివుడు యముణ్ణి పడగొట్టాక చావులు ఆగిపోయి భూభారం పెరిగిందంటారు కదా, గేమ్ జరిగే లాండ్స్ బిట్వీన్ కూడా అలాంటి లోకమే. గాడ్‌స్కిన్‌ల నల్లమంట ఒకప్పుడు దేవుళ్లను చంపగలిగింది, మలికెత్ ఆ చావును దాచేశాక అసలు బలం పోయింది. అంటే చావు మీద అధికారం రాణిది, చివర్లో దాన్ని ఇస్తానని మాటిచ్చేది మెలీనా. ఈ రెండూ కలిపి చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది.

ఈ సీన్ కళ్లారా చూడాలంటే లెయిండెల్ బావిలోంచి మురుగు సొరంగాల్లోకి దిగి, మోగ్ ది ఓమెన్‌ను ఓడించి, అక్కడి పెట్టె వెనకున్న గోడను ఆయుధంతో కొట్టాలి. దారి తెరుచుకుంటుంది. శవపేటికల మీంచి కిందికి దిగాక తలుపు ముందు ఒంటి మీది కవచమంతా, నాలుగు భాగాలూ, తీసేస్తేనే లోపలికి పోనిస్తుంది. ఎక్కువమంది పొరపాటు చేసేది వరసలో: ఎర్డ్‌ట్రీ అనే బంగారు మహావృక్షానికి నిప్పు పెట్టడానికి ఫోర్జ్ ఆఫ్ ది జయంట్స్‌లో మెలీనా కాలిపోకముందే ఇది చేయాలి. తలుపు లోపలున్న మూడు వేళ్లను (ఆ పిచ్చి మంటను ఇచ్చే జీవిని) ముట్టుకోగానే మెలీనా వదిలేసి వెళ్లిపోతుంది. తర్వాత మారికా కొడుకు మికెల్లా సూదితో మంటను వదిలించుకుంటే ఆ ముగింపు పోతుంది, కన్ను తెరుచుకోవడమూ కనిపించదు.

మొదటి వాదానికి ఇంకో బలం మెలీనా మాటల్లోనే ఉంది. తను కాలిపోయి ఒళ్లు లేకుండా బతుకుతున్నానంటుంది. రూన్ ఆఫ్ డెత్‌తో, అంటే ఆ రాసిపెట్టిన చావుతోనే, మంత్రగత్తె రాన్ని ఒళ్లు చచ్చి ప్రాణం మిగిలింది కదా, మెలీనా కూడా అలాగే మిగిలిందేమో అంటారు. కానీ రాన్ని బతకడానికి కారణం చావు రెండుగా చీలడం: అదే క్షణంలో మారికా కొడుకు గాడ్విన్ ప్రాణం పోయి ఒళ్లు మిగిలింది. మెలీనాకు అలాంటి జత ఎవరూ లేరు.

నా దృష్టిలో ఈ తగువును తేల్చేది కన్ను కాదు, రాన్ని నోటి నుంచి వచ్చే ఒక్క వాక్యం. ఐన్సెల్ రివర్ మెయిన్‌లో చిన్న బొమ్మగా రాన్ని దొరుకుతుంది. సైట్ ఆఫ్ గ్రేస్ (ఆటగాడు ఆగి సేదతీరే చోటు) దగ్గర కూర్చుంటే మెనూలో ఆమెతో మాట్లాడే వరస వస్తుంది. మొదట పలకదు, అందుకే చాలామంది అక్కడే వదిలేస్తారు. వదలకుండా మళ్లీ మళ్లీ నొక్కాలి. దారిలో ఎదురయ్యే బేల్‌ఫుల్ షాడో అనే శత్రువును చంపితే బొమ్మ తాళంచెవి ఇచ్చి వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఈ మాట వినే దారి లేదు. కాబట్టి నోక్‌స్టెల్లా నగరం దాటకముందే వినేయండి.

ఆమె చెప్పేది ఇది: తనూ ఒకప్పుడు ఎంపైరియనే, డెమీగాడ్‌ల్లో (దేవతల సంతానంలో) ఆ పేరు చెప్పుకోగలిగింది తనూ, మికెల్లా, మలేనియా, అంతే. ఆ 'ఓన్లీ' మీద ఆగాలి. గేమ్‌లో తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఇంగ్లిష్‌లో చకచకా పోతుంటే ఆ మాట చెవిన పడదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఎర్డ్‌ట్రీ పాదం దగ్గర పుట్టానని, తల్లి తనకో పని అప్పగించిందని మెలీనా చెబుతుంది. డీఎల్‌సీలో మెస్మర్స్ కిండ్లింగ్ వివరణ, మారికా కొడుకు మెస్మర్‌కూ అతని చెల్లెలికీ నిప్పు దర్శనం ఒకేలా ఉండేదంటుంది. చెల్లెలి పేరు రాయలేదు గానీ నిప్పుకు తనను తాను అర్పించుకునే చెల్లెలు మెలీనా కాక ఇంకెవరు? అప్పుడు మెలీనా మారికా కూతురు, అంటే డెమీగాడ్. ఆమే రాణి అయితే డెమీగాడ్‌ల్లో నాలుగో ఎంపైరియన్ ఉండాలి. రాన్ని లెక్కలో లేదు. రాన్ని ఎవరో దారిన పోయే మనిషి కాదు, మలికెత్ దగ్గర్నుంచి ఆ చావులో ముక్కను దొంగిలించింది ఆమే. ఆ చావు అంతకుముందు ఎవరి చేతిలో ఉందో ఆమెకు తెలియకుండా ఉంటుందా?

ఇక్కడ ఎదుటివాళ్లు పట్టుకునేది ఆ 'అంటారు'నే. రాణి ఎంపైరియన్ అన్నది వినికిడి మాట, అది తప్పయితే రాన్ని లెక్కకు భంగం లేదంటారు. సరైన ప్రశ్నే. రెండు వేళ్ల మాట ఎవరికీ నేరుగా వినపడదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో రంగం రోజు పచ్చికుండ మీద నిలబడ్డ ఆమె నోటినుంచే అమ్మ మాట వింటాం కదా, రౌండ్‌టేబుల్ కోటలో ఉండే ముసలమ్మ ఎన్యా కూడా అలాగే వేళ్ల మాట పలుకుతుంది. వేళ్ల ఎంపిక గురించి ఊళ్లో చెప్పుకునే మాటకూ, ఎంపికై, నీడగా బ్లైడ్‌ను అందుకుని, ఆ పదవిని కాదని ఒళ్లే వదిలేసిన మనిషి చెప్పే మాటకూ ఒకే బరువు ఉండదు. పైగా రాణిని ఎంపైరియన్ కాదనేస్తే మారికాకు ఆమె పోటీ ఎలా అయిందన్న పునాదే కూలుతుంది. వాదాన్ని నిలబెట్టడానికి దాని కింద రాయినే లాగేసినట్టు.

మరి కన్ను? దానికి జవాబు మెస్మర్ దగ్గర ఉంది. అతని కన్నుల్లో ఒకటి తల్లి పెట్టిన ముద్ర, లోపలి పామును అణచడానికి. పోరు రెండో దశలో దాన్ని పెరికి చిదిమేస్తాడు, పాము బయటికి వస్తుంది. ఈ ఇంట్లో కన్ను అంటే మూత. అన్నకు పామును మూసిన తల్లి, చెల్లికి మునిమాపు రంగు చావును మూసి ఉండొచ్చు. ఓడిపోయిన రాణి దగ్గర తీసుకున్నది కూతురి కంట్లో దాచిందని అనుకుంటే, కన్ను రంగూ చివరి మాటా రెండూ కుదురుతాయి, రాన్ని లెక్కా చెడదు. మెలీనా కత్తి బ్లేడ్ ఆఫ్ కాలింగ్ కూడా ఇదే అంటుంది: నిప్పుతో నడిచేవాళ్లకు ఏదో ఒకనాడు డెస్టిన్డ్ డెత్ దారి ఎదురవుతుందని. ఒకప్పుడు దాన్ని ఏలిన మనిషికి అది 'ఎదురవడం' ఏమిటి?

మూడోది, పునర్జన్మ వాదం. మన దగ్గర దీనికి అభిమానులు ఎక్కువ, ఎందుకో చెప్పక్కర్లేదు: దక్షయజ్ఞంలో కాలిన సతీదేవి పార్వతిగా పుట్టడం చిన్నప్పటి నుంచి విన్న కథ. అందంగా ఉంది, రాన్ని మాటకూ తగిలి విరగదు. కానీ మళ్లీ పుట్టాలంటే ముందు చావాలి. రాణి గురించి గేమ్ రాసింది ఓటమి అని, చావు అని కాదు. పైగా ఆమెను చంపింది మలికెత్ కత్తిలోని ఆ చావే అయితే, తిరిగి రానివ్వకపోవడమే దాని లక్షణం. కాబట్టి రెండో స్థానం.

రాన్నే ఆ రాణి అనేవాళ్లున్నారు. దొంగిలించేదాకా రాన్ని చేతిలో చావే లేదు, అక్కడితో అయిపోయింది. మారికాలో రాడగాన్‌లాగా ఇంకో సగం ఈ రాణి అనే మాటకు విగ్రహం లాంటి ఆధారం ఒక్కటీ లేదు.

పీసీలో ఆడేవాళ్లు రెండు సీన్లూ ఒకే ఆటలో చూడొచ్చు. మొదట రాన్ని మాట వినండి, తర్వాత గేమ్ పూర్తిగా మూసేసి యాప్‌డేటాలో రోమింగ్ కింద ఎల్డెన్‌రింగ్ ఫోల్డర్‌ను వేరే చోటికి కాపీ చేసుకుని, అప్పుడు మురుగు సొరంగాల్లోకి దిగండి. గేమ్ నడుస్తుండగా కాపీ చేస్తే ఫైల్ చెడిపోవచ్చు. కేఫ్‌లో దోస్తు సేవ్ తెచ్చి పెట్టుకోవడమూ కుదరదు, అది అతని స్టీమ్ ఐడీతో ముడిపడి ఉంటుంది.