మంచు కురవని లంకలో 36 కార్డులు

మా బడి పి.గన్నవరం దగ్గర గోదారి మధ్యనున్న ఒక లంకలో ఉంది. నాలుగో తరగతిలో పంతొమ్మిది మంది. సగం మంది పాఠం గడగడా చదివేస్తారు. పుస్తకం మూసి "తాత ఎక్కడికెళ్లాడు నాన్నా?" అని అడిగితే మాత్రం నా మొహం చూస్తారు. చదివింది కళ్ళకు కట్టేలా చేయడం ఎలాగో నేర్పే కార్డులున్నాయంటే, పోయిన జూన్‌లో 650 రూపాయలు పెట్టి రాజమండ్రిలో కొన్నాను. 36 కార్డులు, టీచర్లకో చిన్న పుస్తకం. ఏడాదంతా వాడాకే ఇది రాస్తున్నాను.

కార్డు మీద పేరా ఉంటుంది, బొమ్మ ఉండదు. ఆ బొమ్మ పిల్లల మనసులో పడాలి. రెండు వాక్యాలు చదివి ఆపుతాం, కళ్ళు మూసుకోమంటాం. ఏం కనిపించింది, ఎంతుంది, ఏ రంగు, ఎటు కదులుతోంది, ఏం వినపడుతోంది అని ఒక్కోటీ అడుగుతాం. తర్వాతి వాక్యం చదివి, ఆ బొమ్మలో ఏం మారిందో చెప్పమంటాం. పద్ధతి కొత్తదేమీ కాదు. మాటగా ఒకసారి, బొమ్మగా ఒకసారి, రెండు దారుల్లో లోపలికెళ్లింది బాగా గుర్తుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ పైవియో 1971లోనే పుస్తకం రాశాడు.

నాకు బాధ కలిగించింది ఏడో కార్డు. అందులో మంచు కురుస్తుంటే పిల్లలు కేరింతలు కొడుతూ ఆడుకుంటారు. మా వాడొకడు కళ్ళు మూసుకుని భయంగా చెప్పాడు: "పైనుంచి ఐసు ముక్కలు పడతన్నాయండి. తలకాయలు పగిలిపోతాయండి." వాళ్ల నాన్న రొయ్యల చెరువు మీద పనిచేస్తాడు. రొయ్యలు పట్టే రోజున ట్రేల్లో పోసే ఐసు తప్ప వాడు మంచు చూసిందెక్కడ? కిందున్న ప్రశ్న, "పిల్లలు ఎందుకు సంతోషంగా ఉన్నారు?" జవాబు చెప్పలేకపోయాడు. తప్పు వాడిది కాదు. ఎక్కడి పేరాలనో తెచ్చి తెలుగు చేసి అచ్చేశారు. ఇలాంటివి తొమ్మిది కార్డులు లెక్కపెట్టాను.

ఆ తొమ్మిదింటి వెనక ఖాళీ ఉంది కదా అని నేనే మార్కరుతో రాసుకున్నాను. మొదటిది రేవు మీద, జనాన్ని ఏరు దాటించే పంటు గురించి. "పంటు అవతలి గట్టున ఉంది. తాత గొడుగు ముడిచి, సంచి నెత్తిన పెట్టుకున్నాడు." ఇక్కడ ఆపి, వాన ఆగిందా అని అడిగాను. అందరూ ఆగిందన్నారు. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల లేచి, "లేదండి, గాలి ఎక్కువైందండి. గొడుగు తిరగబడిపోద్దని ముడిచాడండి. వాన ఆగిపోతే సంచి నెత్తినెందుకు పెడతాడండీ?" అంది. నాకే తట్టలేదు. తర్వాతి వాక్యంలో నేను రాసింది "వాన ఆగలేదు" అనే. ఆ పిల్ల ముందే చూసేసింది. ఆరోజు ఇంటికెళ్లి కూడా అదే తలుచుకున్నాను.

వరద మీద రాసిన పేరా మాత్రం ఇబ్బంది పెట్టింది. 2022 జూలైలో గోదారి ఇళ్లలోకి వచ్చినప్పుడు వీళ్లు చిన్నపిల్లలు, అయినా మర్చిపోలేదు. పేరాలో లేని గేదెలు, కొట్టుకుపోయిన కొబ్బరి డొక్కల రాశి, అన్నీ వచ్చేశాయి. ఇలాంటప్పుడు అడగమని టీచర్ల పుస్తకంలో ఒక ప్రశ్న ఉంది: "ఆ మాట పేరాలో ఎక్కడుంది?" 650 రూపాయలూ ఈ ఒక్క ప్రశ్నకే ఇచ్చినా తప్పులేదు. పిల్లల సొంత బొమ్మని కొట్టిపారేయక్కర్లేదు, చదివినదానికీ గుర్తొచ్చినదానికీ తేడా వాళ్లకే తెలుస్తుంది.

ఇరవయ్యో కార్డులో ఒక్కడే పడవెక్కుతాడు, రేవులో ఇద్దరు దిగుతారు. అచ్చు తప్పు. నేను మూడుసార్లు చదివినా గమనించలేదు, పిల్లలు మొదటిసారే పట్టుకున్నారు. చదువులో వెనకబడిన నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు బొమ్మ ఊహించుకుంటూ చదవమని చెబితే, పొసగని మాటల్ని ఎక్కువగా పట్టుకుంటారని గాంబ్రెల్, బేల్స్ అనే పరిశోధకులు 1986లో చూపించారు. అది నా తరగతిలో నా కళ్లముందే జరిగింది.

పుస్తకంలో సరిదిద్దాల్సింది ఇంకొకటుంది. ఏమీ కనపడట్లేదన్న పిల్లాణ్ణి ఇంకా గట్టిగా ప్రయత్నించమనాలట. అలా చేయకండి. కొంతమందికి మనసులో బొమ్మ అసలు పడదు. 2015లో నరాల వైద్యుడు ఆడమ్ జెమన్ దానికి అఫాంటాసియా అని పేరు పెట్టాడు. మా తరగతిలోనూ ఒకడు "చీకటేనండి" అంటాడు. వాడికి అదే ఉందని నేను చెప్పలేను, కానీ కళ్ళు మూసుకోమని పట్టుబట్టడం మానేశాను. పలక ఇస్తాను, చదువుతూ గీస్తాడు. లేదంటే లేచి తాతలా నడిచి చూపిస్తాడు. ఇప్పుడు ప్రశ్నలకి జవాబులు మిగతావాళ్లతో పాటే చెబుతున్నాడు.

కార్డులకి లామినేషన్ ఉన్నా ఆగస్టు తేమకి అంచులు విడిపోయాయి, టేపు వేసుకోవాలి. ఒకటి, రెండు తరగతులకి పేరాలు పెద్దవి, కొనొద్దు. మూడు నుంచి అయిదు దాకా అయితే కొనండి. మంచు కార్డు వెనక నేను రాసిన పంటు పేరా కావాలంటే ఎవరైనా వాడుకోవచ్చు.