నేలపట్టు పక్షుల కేంద్రంలో ఆరు రోజులు

జనవరిలో ఆరు రోజుల పాటు, అటవీ శాఖ అనుమతితో, నేలపట్టు పక్షుల అభయారణ్యంలోని పర్యావరణ విజ్ఞాన కేంద్రంలో స్వచ్ఛందంగా పనిచేశాను. వచ్చినవారికి దారి చూపడం, బైనాక్యులర్లను కంటికి సరిచేసి ఇవ్వడం, చెరువు కట్ట మీద గొంతు తగ్గించమని బతిమాలడం నా పనులు. వీటిలో మూడవదే కష్టమైనది.

"ఇవి సైబీరియా నుంచి ఎన్ని రోజుల్లో వస్తాయండీ?" అన్న ప్రశ్న రోజుకు పదిసార్లైనా ఎదురయ్యేది. ఇక్కడ నీటిలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు) దక్షిణాసియా పక్షులేననీ, గుడ్లు పెట్టి పిల్లలను పెంచడానికే ఈ చెరువుకు చేరతాయనీ, మేతకు పులికాట్ సరస్సు దాకా ఎగిరిపోయి సంచి వంటి గొంతుతో చేపలు పట్టి మింగి తిరిగివస్తాయనీ నేను వివరంగా చెప్పేవాణ్ణి. ఆ ఊరి పెద్దాయన ఒకరు మాత్రం "పురిటికి పుట్టింటికి వచ్చాయి బాబూ" అని ఒక్క మాటతో తేల్చేశారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని నమ్మే ఊరు కనుక, ఆ పుట్టింటివారి ఆదరణలో ఆశ్చర్యమేమీ లేదు. మరునాటి నుంచి నేనూ ఆయన మాటనే వాడుకున్నాను. పిల్లలకు అది వెంటనే అందింది.

బస విషయానికి వస్తే, మొదటి రెండు రాత్రులు సూళ్లూరుపేటలోని ఒక లాడ్జిలో గడిపాను. వేడినీళ్లు ఉంటాయన్నారు గానీ రాలేదు. పైగా ఫోన్‌లో చెప్పిన అద్దె, తాళం చెవి ఇచ్చే వేళకు పెరిగింది. తర్వాత నాయుడుపేటకు మారాను. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, ఇడ్లీ పొద్దున్నే దొరికేది. జాతీయ రహదారి మీద దొరవారిసత్రం వరకు బస్సులకు ఇబ్బంది లేదు. అక్కడి నుంచి లోపలికి మాత్రం తెల్లవారుజామున ఆటో దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు, ముందురోజే మాట్లాడుకోవాలి. మధ్యాహ్నానికి పులిహోర పొట్లం వెంట తీసుకెళ్లడం నాకు మేలైంది.

సెలవు తీసుకున్న రోజున శ్రీహరికోట దారిలో అటకానితిప్ప వైపు వెళ్లాను. రాజహంసలు (ఫ్లెమింగోలు) గూళ్లు కట్టేది ముఖ్యంగా గుజరాత్‌లోని రణ్ ఆఫ్ కచ్‌లో కాబట్టి, పులికాట్‌లో మనం చూసేది వాటి మేత మాత్రమే. తలను తలకిందులుగా నీటిలో ముంచి, ముక్కుతో బురదను వడగడుతూ అవి ఒకే తీరుగా నడవడం గంటసేపు చూసినా విసుగనిపించలేదు. అయితే అవి దూరంగా ఉంటాయి. ఎండ ముదిరాక వేడి ఆవిరికి గులాబీ చుక్కలుగా చెదిరిపోయి, బైనాక్యులర్లలో కూడా నిలవవు. నేలపట్టులో అలా కాదు, కట్ట మీద నిలబడితే పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోకి దూర్చి తినడం స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్కరోజే ఉన్నవారు ఉదయం నేలపట్టుకూ, ఎండ తగ్గాక పులికాట్‌కూ వెళ్లడం మంచిది. ఫ్లెమింగో ఉత్సవం రోజుల్లో సందడి బాగుంటుంది గానీ, పక్షులను తీరికగా చూడాలనుకునేవారు ఆ రోజులు దాటాకే బయలుదేరాలని నా అభిప్రాయం.